పురుగును పెంచి చూసినవారు

మన పెన్షనర్ల సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాయమని కార్యదర్శిగారు ఫోను చేసినప్పుడు సరేనన్నాను గాని, ఏమి వ్రాయాలో తోచలేదు. పల్నాటి యుద్ధం గురించి, నాగార్జునకొండ గురించి మనవాళ్లు ప్రతి సంచికలోనూ వ్రాస్తూనే ఉన్నారు. పే రివిజన్ల చరిత్ర వ్రాయడానికి నాకంటె సమర్థులు మనలో చాలామంది ఉన్నారు. చివరకు మా వరండాలోని కరివేపాకు మొక్క నాకు విషయం ఇచ్చింది.

ఇది పురుగుల చరిత్ర. ఇంకా సరిగా చెప్పాలంటే, పురుగును చూడగానే నలిపివేయకుండా ఇంట్లో పెట్టుకుని, ఆకు వేసి పెంచి, రెక్కలు వచ్చి ఎగిరేదాకా ఓపికగా చూసిన మనుషుల చరిత్ర. ఈ వయసులో ఇదేం పిచ్చి అని పేజీ తిప్పివేయవద్దని మనవి. పల్నాడులో పుట్టినవారికి ఈ విషయంతో ఎంత సంబంధం ఉన్నదో ముందు ముందు చెబుతాను.

వరండాలో మొదలైన కథ

రెండేళ్ల క్రితం శ్రావణమాసంలో మా కుండీలోని కరివేపాకు రెబ్బలు ఒకటొకటే ఈనెలు మిగిలి బోడిగా కనపడసాగాయి. పురుగు పట్టింది, ఏరి పారేయండి అన్నది నా శ్రీమతి. నేను కళ్లజోడు పెట్టుకుని వెతుకుతుంటే నాలుగో తరగతి చదువుతున్న మా మనవరాలు ముందు చూసింది. "తాతయ్యా, కాకిరెట్ట నడుస్తోంది!" అని అరిచింది. నిజమే. నలుపూ తెలుపూ కలిసి అచ్చం పిట్టరెట్టలాగా ఉన్న చిన్న పురుగు ఆకుమీద కదులుతున్నది. పిట్టలు తినకుండా అది వేసుకున్న వేషం అది.

ఆ పిల్ల పట్టుబట్టడంతో దాన్ని హార్లిక్సు సీసాలో వేసి, తడి ఆకులు పెట్టి మూత బిగించాను. మూడోరోజుకి ఆకులకు బూజు పట్టి పురుగు చచ్చింది. రెండోసారి మూతకు బదులు పలుచని గుడ్డ కట్టాను. పురుగు ఆకుపచ్చగా పెరిగి, గూడు దశకు వెళ్లింది. పది రోజులు గడిచాక గూటికి సన్నని బెజ్జం పడి, అందులోనుంచి సీతాకోకచిలుకకు బదులు గసగసాలకంటె కొంచెం పెద్దవైన కందిరీగల్లాంటి పురుగులు పదులకొద్దీ బయటికి వచ్చాయి. మనవరాలు ఏడ్చింది. మూడోసారి ఏమి జరిగిందో చివర చెబుతాను. ఈ రెండు ఓటముల వల్ల నేను పుస్తకాలు తిరగవేయడం మొదలుపెట్టాను. అప్పుడు తెలిసింది, నాకంటె ముందు ఈ పని ఎంతమంది చేశారో, దానివల్ల మన పొలాలకు ఏమి దక్కిందో.

టైపు చేసిన పేరు

మధ్యలో నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. సాగర్ కాలువల్లోకి 1967లో నీళ్లు వదిలిన తర్వాత పల్నాడు రూపు మారింది. జొన్న, సజ్జ వెనక్కి పోయి పత్తి, మిరప ముందుకు వచ్చాయి. 1980 ప్రాంతంలో సింథటిక్ పైరిత్రాయిడ్లనే కొత్తరకం పురుగుమందులు బజారులోకి వచ్చాయి. మొదట్లో బ్రహ్మాండంగా పనిచేశాయి. ఆ తర్వాత 1984 మొదలు రెండు మూడేళ్లు తెల్లదోమ విరుచుకుపడింది. 1987-88లో శనగపచ్చ పురుగు వచ్చింది. ఎన్ని మందులు కొట్టినా చావలేదు. ఆ సంవత్సరం గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు అప్పులకు తట్టుకోలేక, అదే పురుగుమందు త్రాగి ప్రాణాలు తీసుకున్నారు. ఈ మాట వ్రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది.

నేను అప్పుడు నరసరావుపేటలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాను. మండలాలనుంచి పంటనష్టం వివరాలు వచ్చేవి. గ్రామం, రైతు పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, నష్టానికి కారణం. కార్బన్లు పెట్టి నాలుగు కాపీలు తీసేవాణ్ణి. కారణం అన్న గడిలో శనగపచ్చ పురుగు పేరు ఎన్ని వందలసార్లు కొట్టానో లెక్కలేదు. ఒక్కసారైనా చేలోకి వెళ్లి ఆ పురుగును కళ్లారా చూసినవాణ్ణి కాదు.

మా అక్కగారి భర్త మాచర్ల వైపు ఒక పల్లెలో సొంతం, కౌలు కలిపి ఏడెకరాల పత్తి వేశారు. ఆయన ఆ సంవత్సరం ఇరవైసార్లకు పైగా మందు కొట్టించారు. సంక్రాంతి నాటికి మూడెకరాలు అమ్మి షావుకారు బాకీ తీర్చారు. మనిషి దక్కాడు, అదే మా అక్క పుణ్యం. ఆయన గురించి చివర మళ్లీ వస్తుంది.

పురుగు ఎక్కడినుంచి పుడుతుంది?

పూర్వం మన పెద్దలు కొన్ని ప్రాణుల్ని స్వేదజాలు అన్నారు, అంటే చెమటనుంచి, చెమ్మనుంచి పుట్టేవి. ఐరోపా పండితులు కూడా పురుగులు కుళ్లులోనుంచి, బురదలోనుంచి వాటంతటవే పుడతాయని శతాబ్దాలపాటు నమ్మారు. 1668లో ఇటలీ వైద్యుడు ఫ్రాన్సెస్కో రెడీ మాంసం ముక్కల్ని కొన్ని పాత్రల్లో మూత లేకుండా, కొన్నింటిలో పలుచని గుడ్డ కట్టి ఉంచాడు. గుడ్డ కట్టిన పాత్రల్లో పురుగు పట్టలేదు. ఈగ వాలి గుడ్లు పెడితేనే పురుగు పుడుతుందని అలా తేలింది.

అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1660లో, జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పదమూడేళ్ల ఆడపిల్ల పట్టుపురుగుల్ని ఇంట్లో పెంచడం మొదలుపెట్టింది. ఆమె పేరు మరియా సిబిల్లా మెరియన్. పట్టుపురుగులతో ఆగక, తోటలో దొరికిన ప్రతి గొంగళినీ తెచ్చి, అది ఏ ఆకు తింటుందో కనిపెట్టి, అదే ఆకు వేసి పెంచి, గుడ్డు, పురుగు, గూడు, రెక్కల పురుగు అన్నీ ఒకే బొమ్మలో, అది తినే మొక్కతో సహా చిత్రించింది. 1679లో ఆ బొమ్మల పుస్తకం అచ్చయింది. గూళ్లలోనుంచి సీతాకోకచిలుకలకు బదులు చిన్న రెక్కల పురుగులు రావడం ఆమె కూడా చూసింది, బొమ్మ గీసింది. అది చదివాక మా మనవరాలికి, నీకు జరిగిందే ఆమెకూ జరిగిందమ్మా అని చెప్పాను. మెరియన్ 52వ ఏట, 1699లో, చిన్నకూతుర్ని వెంటబెట్టుకుని ఓడలో దక్షిణ అమెరికాలోని సురినాం వెళ్లి అక్కడి పురుగుల్ని రెండేళ్లు పెంచి చూసింది. ఆ పుస్తకం 1705లో వచ్చింది.

సామర్లకోట సీసాలు

ఇదంతా దొరల దేశంలో సంగతి, మనకేమిటి అనుకోవద్దు. ఈ పని మన తెలుగు గడ్డమీద కూడా చాలాకాలం క్రితమే జరిగింది.

కంపెనీవారి కొలువులో వైద్యుడుగా వచ్చిన విలియం రాక్స్‌బర్గ్ 1781నుంచి 1793 దాకా సామర్లకోటలో ఉన్నాడు. మన చెట్లమీద ఆయన వ్రాసిన గ్రంథాలు ప్రసిద్ధం. 1789 నవంబరులో కొండలమీదనుంచి లక్క పట్టిన కొమ్మలు కొన్ని ఆయనకు తెచ్చి ఇచ్చారు. లక్క అంటే మనకు గాజులు, సీళ్లు. ఆఫీసులో రిజిస్టర్డు కవర్లమీద మనం వేసిన సీళ్లు. అది ఒక పురుగు చేసే పదార్థం. రాక్స్‌బర్గ్ ఆ కొమ్మల్ని వెడల్పు మూతి గాజుసీసాల్లో పెట్టి, పైన పలుచగా మూసి, రోజూ చూస్తూ వచ్చాడు. పద్నాలుగోరోజున, డిసెంబరు 4న, కంటికి ఆనీ ఆనని పిల్లపురుగులు లెక్కలేనన్ని ప్రాకడం కనిపించింది. అవి ఎలా పెరుగుతాయో, ఎలా అంటుకుపోతాయో ఆయన వ్రాసిన వ్యాసం 1791లో లండన్ రాయల్ సొసైటీవారి పత్రికలో అచ్చయింది. లక్కపురుగు సీతాకోకచిలుకల జాతిది కాదు గాని, సీసాలో పెట్టి కనిపెట్టుకుని కూర్చునే పద్ధతి ఒకటే. నేను మూత బిగించి పురుగును చంపాను. ఆయన పైన పలుచగా మూసి బ్రతికించాడు. ఈ తేడా తెలుసుకోవడానికి నాకు రెండువందల ముప్ఫై ఏళ్లు ఆలస్యమైంది.

అదే రాక్స్‌బర్గ్ తర్వాత కలకత్తా వెళ్లి, దసలి పట్టుపురుగు, ఆముదపు పట్టుపురుగు అనే రెండింటిమీద వ్రాసిన వ్యాసం 1804లో వెలువడింది. ఆముదపాకు తిని పెరిగే ఆ రెండో పురుగును ఇంట్లోనే పెంచుతారు. దసలి పురుగు మాత్రం అడవి చెట్లమీద పెరుగుతుంది. మహదేవపూర్, చెన్నూరు ప్రాంతాల్లో నల్లమద్ది చెట్లమీద దసలి పురుగుల్ని వదిలి, పిట్టలు తినకుండా పగలంతా కాపలా కాసి, కాయలు కోసే కుటుంబాలు ఈనాటికీ ఉన్నాయి.

ఇంట్లో పెంచే పట్టుపురుగు

పురుగును ఇంట్లో పెంచడంలో మనిషికి ఎక్కువ అనుభవం పట్టుపురుగుతోనే. చైనావారు వేల ఏళ్లనుంచి పెంచుతున్నారు. మన దక్షిణాదిలో మైసూరు రాజ్యంలో టిప్పు సుల్తాను, మద్రాసులో కంపెనీ వైద్యుడు జేమ్స్ ఆండర్సన్ 18వ శతాబ్దం చివర ప్రోత్సహించారు. మన రాష్ట్రంలో హిందూపురం, మదనపల్లె ప్రాంతాలు దీనికి పేరుపొందాయి. హిందూపురం దగ్గర కిరికెరలో పట్టుపరిశోధన సంస్థ కూడా ఉన్నది.

ఆ వైపు బదిలీమీద పనిచేసిన మిత్రుడొకరు నన్ను ఒకసారి ఒక రైతు ఇంటికి తీసుకుపోయారు. ఇల్లంతా పురుగులకు ఇచ్చి, మనుషులు వసారాలో పడుకున్నారు. గుడ్డునుంచి వచ్చిన పిల్లల్ని చాకీ పురుగులంటారు. వాటికి లేత మల్బరీ ఆకును సన్నగా తరిగి వేయాలి. పురుగు నాలుగుసార్లు తిండి మాని, కదలకుండా ఉండి, చర్మం విడుస్తుంది. దాన్ని వారు జ్వరం అంటారు. మొదటి జ్వరం, రెండో జ్వరం అని లెక్క. జ్వరంలో ఉన్న పురుగును కదపరాదు. నాలుగో జ్వరం లేచాక అవి ఆకు తింటుంటే వానపడ్డట్టు చప్పుడు. సుమారు 25 రోజుల్లో పురుగు బరువు పుట్టినప్పటికంటె దాదాపు పదివేల రెట్లవుతుంది. అప్పుడు చంద్రికలమీద వేస్తే మూడురోజుల్లో గూడు కడుతుంది.

గూడు పూర్తయ్యాక లోపలి పురుగును ఆవిరితో చంపితేనే దారం తెగకుండా వస్తుంది. రెక్కల పురుగు గూటిని చీల్చుకుని వస్తే దారం ముక్కలవుతుంది. ఈ చంపడం ఇష్టంలేక, హైదరాబాదులో చేనేత సహకార సంస్థలో పనిచేసిన కుసుమ రాజయ్యగారు, పురుగు బయటికి వచ్చిన తర్వాత మిగిలిన గూళ్లను దూదిలాగా వడికించి అహింసా పట్టు నేయించారు. మనలాంటి ఉద్యోగే ఆ పని చేశారని ఇక్కడ గర్వంగా చెప్పుకోవచ్చు.

పురుగుల గది చేసిన మేలు

మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలంలో పంటల పురుగుల చదువు క్రమంగా మొదలైంది. మద్రాసు ప్రభుత్వ కీటకశాస్త్రవేత్త ఫ్లెచర్ 1914లో దక్షిణ భారత కీటకాలమీద పెద్ద పుస్తకం వెలువరించాడు. టి.వి. రామకృష్ణ అయ్యర్‌గారి పుస్తకం 1940లో వచ్చింది. మన వ్యవసాయ విద్యార్థులు చాలాకాలం దాన్నే చదివారు.

ఈ పుస్తకాల వెనుక ఉన్న పని చూడండి. చేలో దొరికిన గొంగళిని చూసి అది ఏ జాతో చెప్పడం చాలాసార్లు సాధ్యంకాదు. అది పెద్దదై రెక్కలతో బయటికి వస్తేగాని తేలదు. అందుచేత పురుగుల గదిలో గాజుపాత్రలు, గుడ్డ కట్టిన పెట్టెలు పెట్టి, రోజూ ఆకు మార్చి, పెంట తీసి, ఏరోజు చర్మం విడిచింది, ఏరోజు గూడు కట్టింది అని రిజిస్టరులో వ్రాసేవారు. గుమాస్తాగిరీ వంటి పనే అది. తేదీలు వేసి, తప్పులేకుండా వ్రాసిన ఆ రిజిస్టర్లలోనుంచే రైతుకు పనికివచ్చే మాటలు వచ్చాయి.

శనగపచ్చ పురుగునే తీసుకోండి. తల్లి పురుగు రాత్రిపూట లేత ఆకులమీద, గూడమీద ఒక్కొక్క గుడ్డు విడిగా పెడుతుంది. మూడు నాలుగు రోజుల్లో పిల్ల వస్తుంది. చిన్నగా ఉన్నంతవరకు పైన తిరుగుతుంది, పెరిగాక తల కాయలోకి దూర్చి తింటుంది. రెండు మూడు వారాలు తిన్నాక నేలకు దిగి, మట్టిలో కొద్ది అంగుళాల లోతున గూడు దశకు వెళుతుంది. వేసవి దుక్కి లోతుగా దున్నమని మన పెద్దలు, అధికారులు ఎందుకు చెబుతారో ఇందులో ఉన్నది. పైకి తేలిన గూళ్లను కొంగలు, మైనాలు ఏరుకుతింటాయి, మిగిలినవి ఎండకు మాడతాయి. కాయలోకి దూరిన పురుగుకు పైన మందు కొట్టి లాభంలేదని కూడా ఇందులోనే ఉన్నది. పెంచి చూసినవారు చెప్పినదే ఇదంతా.

ఒక్క ఆడపురుగు పిలుపు

ఫ్రాన్సు దేశంలో బడిపంతులుగా పనిచేసిన ఫాబ్రే అనే ఆయన తన ఇంట్లో గూళ్లు పెట్టుకుని పురుగుల్ని పెంచేవాడు. 19వ శతాబ్దం చివర ఒక మే నెలలో ఉదయంపూట నెమలికన్ను మచ్చలున్న పెద్ద ఆడ రెక్కల పురుగు ఒకటి గూడునుంచి బయటికి వచ్చింది. దాన్ని జల్లెడలాంటి తీగబుట్ట కింద ఉంచాడు. ఆ రాత్రి ఇల్లంతా అదే జాతి మగపురుగులు. దాదాపు నలభై వచ్చాయి. చీకట్లో, చెట్ల మధ్యగా, దూరంనుంచి వాటికి ఎలా తెలిసింది? ఆడపురుగును గాలి చొరని పెట్టెలో మూసిపెడితే ఒక్కటీ రాలేదు. అది వాసనేనని, మన ముక్కుకు అందని వాసన అని క్రమంగా తేలింది.

1959లో జర్మనీలో బూటెనాంట్ అనే రసాయనశాస్త్రవేత్త దాదాపు అయిదు లక్షల ఆడ పట్టుపురుగులనుంచి ఆ వాసన పదార్థాన్ని వేరుచేసి దాని స్వరూపం చెప్పాడు. ఆ దారిలో ఒక్కొక్క పురుగు వాసననూ కనిపెట్టి, రబ్బరు బిళ్లలో ఎక్కించి, బుట్టలో వేలాడదీశారు. మన పత్తి చేలల్లో, మిరప చేలల్లో కర్రలకు కట్టి కనిపించే లింగాకర్షక బుట్ట అదే. నరసరావుపేటనుంచి గురజాల బస్సులో వెళుతుంటే కిటికీలోనుంచి ఎన్నిసార్లో చూశాను. దాని పూర్వీకుడు ఒక బడిపంతులు ఇంట్లోని తీగబుట్ట అని అప్పుడు తెలియదు.

మందు చేయలేనిది

మళ్లీ 1987కు వద్దాం. మందులు కల్తీవని రైతులన్నారు, సరిగా కొట్టలేదని కొందరన్నారు. కల్తీలు లేకపోలేదు. కాని అసలు సంగతి తేల్చినది మళ్లీ పురుగును పెంచినవారే. మన రాష్ట్రంలోని చేలనుంచి పురుగుల్ని తీసుకుపోయి, ప్రయోగశాలలో పెంచి, కొలిచిన మోతాదులో మందు చుక్కలు వేసి చూశారు. మామూలుగా చావవలసిన మోతాదుకు అవి చావలేదు. పురుగు మందుకు తట్టుకునే శక్తి సంపాదించిందని 1989లో అచ్చయిన పరిశోధన పత్రాల్లో రుజువైంది. ఎక్కువసార్లు కొట్టినకొద్దీ తట్టుకున్నవే మిగిలి, వాటి పిల్లలే చేను నింపాయి. వాటిని తినే మంచి పురుగులు మాత్రం ముందే చచ్చాయి. మా బావగారు ఇరవైసార్లు కొట్టించినది ఈ లెక్క తెలియక.

ఆ తర్వాత కాలంలో కొందరు రైతులు శనగపచ్చ పురుగును తామే పెంచడం నేర్చుకున్నారు. వింతగా ఉన్నా ఇది నిజం. ఎన్.పి.వి. అనే ఒక వైరస్ ఈ పురుగుకు రోగం తెస్తుంది, మనిషికీ పశువుకూ హాని చేయదు. నానబెట్టిన శనగలకు ఆ వైరస్ ద్రావణం పట్టించి పురుగులకు పెడతారు. ఒకే సీసాలో రెండు పురుగులు వేయరాదు, ఒకటి రెండోదాన్ని కొరుక్కుతింటుంది. అందుచేత ఒక్కొక్కదానికి ఒక్కొక్క చిన్న సీసా. వారంలోపు అవి చస్తాయి. వాటిని నూరి, వడగట్టి, చేనుమీద చల్లుతారు. మోతాదు హెక్టారుకు 250 ఎల్.ఇ., అంటే బాగా ఎదిగిన 250 పురుగులకు సమానం. ఎండకు వైరస్ చెడుతుంది గనుక సాయంత్రం పూట, కాస్త బెల్లం, బట్టల నీలిమందు కలిపి కొట్టాలి. రోగం వచ్చిన పురుగులు మొక్క చివరకు ఎక్కి తలకిందులుగా వేలాడుతూ చస్తాయి.

ఇంకొకటి. మన ఇళ్లలో బియ్యం డబ్బా మూత తీస్తే ఎగిరే బూడిదరంగు రెక్కల పురుగు మీ అందరికీ తెలుసు. దాన్ని చితకగొట్టిన జొన్నల్లో, సజ్జల్లో, కాస్త వేరుసెనగ పొడి కలిపి, పెట్టెల్లో లక్షలకొద్దీ పెంచుతారు. దాని గుడ్లను అట్టకు అంటించి, ట్రైకోగ్రామా అనే ఒక మిల్లీమీటరు కూడా లేని కందిరీగకు అందిస్తారు. అది వాటిలో తన గుడ్లు పెడుతుంది. ఒక అట్టమీద సుమారు 20 వేల గుడ్లు. ఆ అట్టముక్కల్ని చేలో ఆకుల అడుగున గుచ్చితే, బయటికి వచ్చిన కందిరీగలు కాయతొలుచు పురుగుల గుడ్లను వెతికి పాడుచేస్తాయి. మా గూట్లోనుంచి వచ్చి మనవరాలిని ఏడిపించినవి దీనికి దూరపు బంధువులే. ఆ పిల్ల శత్రువులనుకున్నవి రైతుకు చుట్టాలు.

2002 మార్చిలో బి.టి. పత్తికి అనుమతి వచ్చింది. శనగపచ్చ పురుగు బెడద తగ్గింది, మందులు తగ్గాయి. కాని 2014 తర్వాత గులాబీరంగు పురుగు ఆ పత్తినీ తినడం నేర్చింది. ఇది కాయలోపల దాక్కునేది, మిగిలిపోయిన కాయల్లోనే నిద్రపోయి మరుసటి పంటకు లేచేది. అందుకే డిసెంబరు కల్లా పత్తి ముగించి, మోళ్లు పీకివేయమని ఇప్పుడు చెబుతున్నారు. కొత్త విత్తనం వచ్చినా, పురుగు బ్రతుకు తెలుసుకోవలసిన అవసరం తీరలేదు.

మీరూ చూడవచ్చు

మన వయసువారికి ఈ పని బాగా కుదురుతుంది. డబ్బు ఖర్చు లేదు, కావలసింది తీరిక, అది మన దగ్గర ఉన్నది. నా ఓటములనుంచి నేర్చినది చెబుతాను.

కరివేపాకు, నిమ్మ మొక్కలమీద ఆకుపచ్చని నున్నటి పురుగు దొరుకుతుంది. తాకితే తలవెనుక రెండుపాయల కొమ్ము చాచి ఘాటైన వాసన వదులుతుంది, కరవదు. జిల్లేడుమీద నలుపు, పసుపు, తెలుపు చారల పురుగు దొరుకుతుంది. ఆముదంమీద నామాల పురుగు, దాసరి పురుగు అని మన రైతులు పిలిచేది ఉంటుంది. మునగచెట్టు బొంతపురుగుల జోలికి మాత్రం పోవద్దు. వాటి వెంట్రుకలు తగిలితే దద్దుర్లు, మన వయసులో అది అక్కరలేని ఖర్చు.

ఏ మొక్కమీద దొరికితే ఆ ఆకే పెట్టాలి. వేరే ఆకు ముట్టక పస్తుండి చస్తుంది. మందు కొట్టిన ఆకు, బజారులో కొన్న కరివేపాకు వేయరాదు. తడి ఉండరాదు, మూత బిగించరాదు, పలుచని గుడ్డ చాలు. రోజూ పెంట తీసివేయాలి. లోపల ఒక పుల్ల నిలబెట్టాలి, గూడు దశకు వెళ్లేటప్పుడు అది దానికే పట్టుదారంతో నడుము కట్టుకుంటుంది. చర్మం విడిచే వేళ, గూడు దశలో, కదపరాదు. ఎనిమిది పది రోజులకు తెల్లవారుజామున గాని, పొద్దున గాని బయటికి వస్తుంది. రెక్కలు తడిసి ముడుచుకుని ఉంటాయి. పాపం అని సాయం చేయబోతే రెక్క వంకరపోతుంది. గంటా రెండు గంటలు అలాగే వేలాడనివ్వాలి. తర్వాత వదిలివేయాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద కొన్ని జాతుల సీతాకోకచిలుకలకు రక్షణ ఉన్నది. కనుక అడవినుంచి పట్టి తేవద్దు. మన పెరటిలోనిది చూసి, పెరటిలోకే వదలడం మంచిది.

మూడోసారి

మూడోసారి మా సీసాలో పురుగు గూడు కట్టడానికి సిద్ధంగా ఉన్నప్పుడు మా బావగారు కంటి ఆపరేషను చెకప్ కోసం నరసరావుపేట వచ్చి మా ఇంట్లో దిగారు. ఆయనకు ఇప్పుడు 84 ఏళ్లు. వరండాలో కుర్చీలో కూర్చుంటూ పక్కన సీసా చూసి, గుడ్డ తీసి, ఒక్క క్షణం ఆలోచించకుండా పురుగును రెండువేళ్ల మధ్య పట్టుకున్నారు. నలపబోతున్నారు. మనవరాలు పరుగెత్తుకుంటూ వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని, "వద్దు తాతయ్యా, అది నాది" అన్నది.

ఆయన చెయ్యి వదిలారు. "అలవాటమ్మా" అన్నారు.

రెండురోజులనుకుని వచ్చిన మనిషి పదిరోజులున్నారు. అక్క ఫోను చేస్తే డాక్టరు మళ్లీ రమ్మన్నాడని చెప్పారు. డాక్టరు అలా అనలేదని నాకు తెలుసు. పొద్దున్నే కాఫీ గ్లాసుతో ఆ సీసా ముందు కూర్చునేవారు. "ఏంది బావా, ఇది లోపల ఏం చేస్తుందంటావ్?" అని అడిగారు ఒకరోజు. నాకు తెలిసినది చెప్పాను. శనగపచ్చ పురుగు సంగతి కూడా, మట్టిలో గూడు దశ సంగతి, మందు పని చేయకపోవడం సంగతి చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఇదంతా ఆనాడే ఎవరికో తెలిసి ఉంటది గదా, మా దాకా రాలేదు" అన్నారు.

నేను జవాబు చెప్పలేదు. తెలిసినది ఆయన దాకా తీసుకువెళ్లవలసిన కాగితాలు కొన్ని నా టేబుల్‌మీదుగానే పోయి ఉంటాయి. వచ్చినవి ఫైలులో కట్టాను, పైకి పంపాను. చేలోకి పంపలేదు. అది నా పని కాదని ఆనాడు అనుకున్నాను.

పదోరోజు పొద్దున గూడు నల్లబడి, పగిలి, సీతాకోకచిలుక బయటికి వచ్చింది. నలుపుమీద పసుపు మచ్చలు, వెనుకరెక్కల చివర ఎర్రని చుక్క. రెక్కలు ఆరేదాకా ముగ్గురం అలాగే కూర్చున్నాం. కరివేపాకు మొక్కమీద ఒకసారి వాలి, ఎదురింటి గోడమీదుగా వెళ్లిపోయింది. బావగారు ఆ మధ్యాహ్నం బస్సుకు మాచర్ల వెళ్లారు. వెళుతూ నేను ఈ సంగతులు వ్రాసి పెట్టుకున్న కాగితాలు అడిగి, తమ ఊళ్లో పత్తి వేసే మనవడికి చూపిస్తానని సంచిలో పెట్టుకున్నారు.

ఈ వ్యాసం ఆ కాగితాలనుంచి మళ్లీ వ్రాసినది. మన సభ్యుల ఇళ్లలో వ్యవసాయం చేసేవారుంటే వారికి కూడా చూపించగలరని ప్రార్థన. పొరపాట్లుంటే పెద్దలు మన్నించి తెలియజేయగలరు.